బెరిబెరి (ఉత్తర సర్కారులు)

ఆహారంలో థయమిన్, అంటే బి1 విటమిన్, చాలకపోతే వచ్చే జబ్బు బెరిబెరి. సాధారణంగా ముందు పాదాలు మొద్దుబారతాయి, పిక్కలు పీకుతాయి, ముదిరితే చేతివేళ్ళకు తిమ్మిరి పాకి పట్టు తప్పుతుంది. ఒళ్ళు ఉబ్బి గుండె దెబ్బతినే రకం ప్రాణాంతకం. నేటి అనకాపల్లి జిల్లా ఒకప్పుడు భాగంగా ఉన్న ఉత్తర సర్కారుల తీరం ఈ జబ్బుకు పేరుమోసింది. మద్రాసు సైన్యపు వైద్యుడు జె.జి. మాల్కంసన్ దీని మీద 1835లోనే ఒక గ్రంథం ప్రచురించాడు.

మూలం అన్నంలోనే ఉంది. థయమిన్ ఉండేది ఎక్కువగా బియ్యపు గింజ పైపొరలో, మొలక భాగంలో. దంపుడు బియ్యంలో కొంతైనా నిలిచేది, మిల్లులో తెల్లగా పాలిష్ పడితే తవుడుతో పాటు పోతుంది. మిగిలిన కాస్తా కడుగునీళ్ళలో, వార్చిన గంజిలో కరిగిపోతుంది. కూనూరు పోషకాహార పరిశోధనశాలలో డబ్ల్యు.ఆర్. అయిక్రాయిడ్ బృందం ఈ జబ్బు కొందరినే ఎందుకు పట్టుకుంటుందన్న చిక్కుముడిని 1940 నాటికి విప్పింది. ఉప్పుడు బియ్యానికి వడ్లు నానబెట్టి ఉడికించేటప్పుడే విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, మిల్లు ఆడించినా చాలావరకు నిలుస్తుంది. సర్కారుల వాళ్ళు తిన్నది మిల్లు పట్టిన పచ్చి బియ్యం. ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పుడు బియ్యం తినే పేదలను ఈ జబ్బు వదిలేసి వీళ్ళను పట్టుకోవడానికి కారణం అదే. అన్నిటికంటే గుండె కలచే సంగతి పసిబిడ్డలది: తల్లికి థయమిన్ లేకపోతే పాలలోనూ ఉండదు, నెలల పిల్లలు ఉన్నట్టుండి చనిపోయేవారు.

ఈ విటమిన్‌ను 1936లో కృత్రిమంగా తయారుచేసిన రాబర్ట్ ఆర్. విలియమ్స్ పుట్టింది మన నెల్లూరులోనే, 1886లో, బాప్టిస్టు మిషనరీల ఇంట. అంతకుముందు మనీలాలో తవుడు సారంతో బెరిబెరి బిడ్డలకు చేసిన వైద్యంలో ఆయనకు చెయ్యి ఉంది. తెలుగువాళ్ళు పశువులకు పెట్టే తవుడులోనే మందు ఉందన్నమాట. కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

నేడు చేతుల తిమ్మిరికి వైద్యులు ముందు చూసేవి మధుమేహం, బి12 లోపం, మెడ దగ్గర నరాల ఒత్తిడి. రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కితే సాధారణంగా మణికట్టు దగ్గర నరం నలుగుతున్నట్టు, చిటికెనవేలైతే తరచు మోచేతి దగ్గర. ఒక పక్క చెయ్యి ఒక్కసారిగా మొద్దుబారి మాట తడబడితే పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. థయమిన్ లోపం మాత్రం అన్నం మానేసి మద్యం మీదే రోజులు గడిపేవాళ్ళలో ఇప్పటికీ కనిపిస్తుంది.