గని ఖాళీ అయ్యాక ఏం మిగిలింది? – రెండు దేశాల లెక్క

మా తాడిమర్రి వైపు సేద్యగాళ్ల ఇళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. ఎంత కరువొచ్చినా విత్తనానికి దాచిన శనక్కాయల మూట విప్పకూడదు. ఆ మూట తింటే ఆ పూట గడుస్తుంది గానీ మరుసటి ఏడు చేను బీడు పడుతుంది. భూమి కింది ఖనిజం కూడా అట్లాంటి మూటే. ఒక తేడా మాత్రం ఉంది. శనక్కాయ మళ్లీ పండుతుంది, ఖనిజం పండదు. కాబట్టి దాన్ని తవ్వి అమ్మిన జాతి ఆ డబ్బును మరో విత్తనంగా మార్చుకోవాలి. ఈ సంగతి తెలియడానికి రెండు చిన్న దేశాల చరిత్ర చూద్దాం.

మొదటిది నౌరు. పసిఫిక్ మహాసముద్రంలో 21 చదరపు కిలోమీటర్ల దీవి. మన మండలాల ముందు అది ఏ మూలకూ రాదు. 1900లో అక్కడ ఫాస్ఫేటు రాయి ఉందని ఆల్బర్ట్ ఎల్లిస్ అనే కంపెనీ ఉద్యోగి కనిపెట్టాడు. మన రైతులు చేనుకు వేసే డీఏపీలోని భాస్వరం ఇట్లాంటి రాయి నుంచే వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ కలిసి ఆ గనులను చేతిలో పెట్టుకున్నాయి. ఆ రాయిని చౌకగా తీసుకుపోయి తమ రైతుల పొలాలకు చల్లుకున్నాయి. దీవి వాళ్లకు దక్కింది కొద్దిపాటి రాయల్టీ.

1968 జనవరి 31న నౌరుకు స్వాతంత్ర్యం వచ్చింది. 1970లో గనులూ సొంతమయ్యాయి. కొన్ని వేల మంది జనం ఒక్కసారిగా సంపన్నులయ్యారు. పన్నుల బాధ లేదు. రేపటి కోసమని ఒక నిధి కూడా పెట్టుకున్నారు. అంటే వాళ్లకు ముందుచూపు లేదనడం తప్పు. లేనిది కాపలా. 1977లో మెల్‌బోర్న్ నగరంలో 52 అంతస్తుల నౌరు హౌస్ కట్టారు. విమానాలు కొన్నారు. లండన్‌లో ఒక సంగీత నాటకానికి కూడా డబ్బు పెట్టారు. లెక్క అడిగేవాళ్లు లేక నిధి కరిగింది, అప్పులు పెరిగాయి. 2004లో ఆ మేడ కూడా అమ్ముడుపోయింది. అప్పటికి దీవి నడిబొడ్డంతా రాళ్ల మొనలు తేలిన బీడు. పాత తవ్వకాల నష్టం గురించి నౌరు 1989లో ఆస్ట్రేలియాను అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగి, 1993లో పరిహారానికి ఒప్పించింది. డబ్బు వచ్చింది గానీ నేల తిరిగి రాలేదు.

రెండవది ఆఫ్రికాలోని బోట్స్వానా. 1966 సెప్టెంబరు 30న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు అది ప్రపంచంలోని నిరుపేద దేశాల్లో ఒకటి. మనలాగే కరువు నేల, పశువుల మీద బతుకు. 1967లో ఒరాపా దగ్గర వజ్రాల గని బయటపడింది. ఏ తెగ నేలలో దొరికినా ఖనిజం దేశమంతటిదీ అని అదే ఏడాది చట్టం చేసుకున్నారు. ఒరాపా ఉన్నది తొలి అధ్యక్షుడు సెరెత్సే ఖామా సొంత తెగ నేలలోనే. కంపెనీలో ప్రభుత్వ వాటా మొదట తక్కువే. తరువాత బేరమాడి దాన్ని సగానికి పెంచుకున్నారు. ఆ రాబడితో రోడ్లు, బడులు, ఆసుపత్రులు కట్టారు. 1994లో మిగులు డబ్బుకు పూలా నిధి పెట్టారు. వాళ్ల భాషలో పూలా అంటే వాన. వాన విలువ తెలిసిన జనం నిధికీ, తమ నోటుకూ ఆ పేరే పెట్టుకున్నారు.

గని సొమ్మును ఎట్లా లెక్కించాలి? మామూలు జాతీయాదాయం లెక్కలో రాయి అమ్మిన డబ్బంతా రాబడిగానే కనిపిస్తుంది, గనిలో తరిగింది కనిపించదు. ప్రపంచ బ్యాంకు 2006 నుంచి దేశాల సంపదను వేరే తీరుగా కూడా లెక్క కడుతోంది. ప్రకృతి సంపద ఎంత తరిగింది, దానికి బదులు కట్టడాలు, మనుషుల చదువు, నైపుణ్యం ఎంత పెరిగాయి అని చూస్తుంది. ఈ తక్కెడలో నౌరు తేలిపోయింది. బోట్స్వానా చాలా కాలం నిలబడింది. అయితే నేటికీ అది వజ్రాల మీదే ఆధారపడి ఉంది. ప్రయోగశాల వజ్రాలు వచ్చి గిరాకీ పడిపోతుంటే ఇబ్బంది పడుతోంది.

ఇక్కడితో ఆపితే పాఠం సగమే. బోట్స్వానాలోని ఆదివాసులు సాన్ ప్రజలు. సెంట్రల్ కలహారి అభయారణ్యం వాళ్ల తాతల నేల. 1997లోనూ, 2002లోనూ ప్రభుత్వం వాళ్లను అక్కడి నుంచి తరలించింది. వజ్రాల కోసం కాదని ప్రభుత్వం అంది. వజ్రాల కోసమేనని సాన్‌ల తరఫు వాళ్లు అన్నారు. 2006లో హైకోర్టు ఆ తరలింపు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తరువాత సొంత బోరు నీళ్ల కోసం మళ్లీ కోర్టుకెక్కి 2011లో గెలిచారు. దేశం లెక్క బాగున్నంత మాత్రాన అందులోని ఆదివాసి లెక్క బాగుందని కాదు.

మరి మన లెక్క? ధర్మవరం అవతల రామగిరిలో బంగారు గనులు ఉండేవి. ఇంగ్లీషు కంపెనీ తవ్వింది, తరువాత ప్రభుత్వ సంస్థ తవ్వింది, 2001 నాటికి మూతపడ్డాయి. ఆ బంగారానికి బదులుగా చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో ఏం మిగిలిందో మన పిల్లలు వెళ్లి అడిగి రాసుకోవాలి.

1997 నాటి సమత తీర్పులో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూములను గనుల కోసం ఆదివాసేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. ఆ రక్షణ మన్యానికి ఉంది. రాయలసీమలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు. ఇక్కడి సుగాలి, ఎరుకల, యానాది ఇళ్లకు ఆ గొడుగు లేదు. కానీ 2015లో గనుల చట్టాన్ని సవరించి పెట్టిన జిల్లా ఖనిజ నిధి మైదానానికీ వర్తిస్తుంది. లీజుదారులు రాయల్టీతో పాటు కట్టే ఆ సొమ్ము, తవ్వకాల వల్ల నష్టపోయిన మనుషుల కోసం, ఊళ్ల కోసం.

నౌరు దగ్గరా నిధి ఉండింది. దాన్ని అడిగేవాళ్లే లేకపోయారు. కాబట్టి గ్రామసభలో మనం మూడు ప్రశ్నలు అడగాలి: మన నేల నుంచి ఎంత పోయింది? ఎంత డబ్బు వచ్చింది? అది దేనికి పెట్టారు? బడిలో కూడికలు, తీసివేతలు నేర్పే మనకు ఈ లెక్క కష్టమేమీ కాదు. పిల్లలతో పాటు మనమూ నిలబడి అడగాలి.