పీణ్యలో స్క్రాప్ అంటే ఇనుప తుక్కు

పీణ్యలో పెరిగినవాళ్ళకు స్క్రాప్ అనే మాట కొత్త కాదు. లేత్ మెషిన్ల కింద పడే ఉక్కు తురుము, ప్రెస్ షాపుల్లో మిగిలే రేకు ముక్కలు, వాటిని తూకానికి కొనుక్కుపోయే టెంపోలు. చిన్నప్పుడు మాకు తెలిసిన స్క్రాప్ ఇదే. మేము చదివింది కన్నడ మీడియం. ఒకరోజు స్కూల్లో మేడమ్ స్క్రాప్ బుక్ తెమ్మంటే ఇంటికొచ్చి అడిగాం. చిన్నాయన నవ్వి, "ఏం రా, పుస్తకంలో ఇనుము అంటిస్తారా?" అన్నాడు.

అప్పుడు అవ్వ ఏమీ మాట్లాడకుండా తన ట్రంకు పెట్టె తెరిచి ఒక పాత లెక్కల రిజిస్టరు తీసింది. అట్ట ఊడిపోయింది. లోపల గీతల మీదే అంటించిన యువ ముఖచిత్రాలు, వంటల కత్తిరింపులు, పెళ్ళిపత్రికల మూలల్లో ఉండే వినాయకుళ్ళు, హిందూపురం బస్సు టిక్కెట్లు, అగ్గిపెట్టె లేబుళ్ళు. తాత హిందూపురం నుంచి పీణ్య పక్కనే ఉన్న జాలహళ్ళికి హెచ్ఎంటీలో పనికి వచ్చాడు. ఆ కంపెనీ 1953లో మొదలైంది, 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. అందుకే అవ్వ పుస్తకంలో నాలుగు పేజీల నిండా హెచ్ఎంటీ వాచీల ప్రకటనలే. అప్పట్లో వాటిని చూసి నవ్వుకున్నాం. 2016లో ఆ వాచీల కంపెనీ మూతకు కేంద్రం ఒప్పుకున్నాక మళ్ళీ తెరిచి చూస్తే, అవే పేజీలు తాత బతుకు గురించి మా దగ్గర మిగిలిన కాగితాలని తెలిసింది.

తెలుగిళ్ళలో ఈ అలవాటుకు పేరు లేదు గానీ వయసుంది. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికలు ఇంటింటికీ వచ్చే రోజుల్లో సీరియల్ పేజీల్ని వారం వారం జాగ్రత్తగా ఊడదీసి దాచేవాళ్ళు. సీరియల్ అయిపోయాక కట్టకట్టి బైండరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. చక్రపాణి గారి యువకు, చందమామకు వడ్డాది పాపయ్య గారు వేసిన ముఖచిత్రాలైతే విడిగా గోడకెక్కేవి, లేదా ఇలాంటి పుస్తకాల్లో చేరేవి. మీ ఇంట్లో కూడా అలాంటి బైండు పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. తెరిచి చూడండి. కథతో పాటు పక్కన కార్టూను, కింద పౌడరు ప్రకటన, వెనక వైపు సగం తెగిన ప్రశ్న-జవాబు శీర్షిక ఉంటాయి. అదే నవలను తర్వాత పుస్తకంగా అచ్చు వేస్తే ఇవేవీ రాలేదు. ఆ ఏడాది మనవాళ్ళు ఏం కొన్నారో, దేనికి నవ్వారో బైండు పుస్తకంలోనే ఉంది.

ఇదంతా నడిచింది చిన్న అంగళ్ళ మీద. బైండరు పేజీల్ని సమంగా తట్టి, వెన్ను వైపు సూదీ దారంతో కుట్టి, అట్టకు కాలికో బట్ట అంటించి, చివర్లో కట్టర్ కింద అంచులు కోసేవాడు. జిగురు కూడా అంగట్లోనే కాచేవాడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపేవాడు. అవ్వకు అది కూడా లేదు. అన్నం మెతుకుల్ని వేలితో నలిపి అంటించేది. బెంగళూరు తెలుగులో మేము దాన్నీ గోందు అనే అంటాం. స్కూలు పక్క స్టేషనరీ అంగట్లో పండ్లు, జంతువులు, దేశనాయకుల బొమ్మల చార్టులు అమ్మేవాళ్ళు. కత్తిరించి అంటిస్తే హోమ్‌వర్క్ అయిపోయేది. పెద్ద కాగితాలు, రంగు అట్టలు కావాలంటే సిటీకి, అవెన్యూ రోడ్డుకు వెళ్ళాల్సిందే.

బయటి దేశాల్లో ఈ హాబీ చరిత్ర చదివితే మన ఇళ్ళతో ఒక చుట్టరికం కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో జర్మనీలో రంగుల్లో అచ్చేసి, ఆకారం వెంబడి కోసిన చిన్న బొమ్మల్ని ఇంగ్లీషులో స్క్రాప్‌లు అనేవాళ్ళు. వాటిని అంటించే పుస్తకం స్క్రాప్ బుక్. ఆ రంగుల రాతి అచ్చు యంత్రాలనే, జర్మన్ పనివాళ్ళతో సహా తెప్పించి, రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టించాడు. అక్కడ అచ్చైన లక్ష్మీ సరస్వతుల పటాలకు దక్షిణాదిలో మన ఆడవాళ్ళు బట్ట, జరీ, పూసలు అంటించి చీర కట్టినట్టు అలంకరించేవాళ్ళు. అమెరికాలో రచయిత మార్క్ ట్వేన్ 1873లో, ముందే జిగురు పూసి ఆరబెట్టిన పేజీల స్క్రాప్ బుక్కుకు పేటెంటు తీసుకున్నాడు. తడిపి బొమ్మ నొక్కితే చాలు.

ఈనాటి స్క్రాప్ బుకింగ్ మొదలైంది మాత్రం కుటుంబ చరిత్ర కోసమే. 1980లో యూటా రాష్ట్రం సాల్ట్ లేక్ సిటీలో జరిగిన వంశావళి రికార్డుల సభలో మ్యారిలీన్ క్రిస్టెన్సెన్ అనే ఆవిడ తన కుటుంబ ఆల్బములు యాభైకి పైగా చూపించింది. చూసినవాళ్ళు ఇలాంటి కాగితం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. మరుసటి ఏడాది ఆ కుటుంబం స్పానిష్ ఫోర్క్ ఊళ్ళో ఒక అంగడి తెరిచింది. అక్కణ్ణుంచి ఊరూరా చిన్న అంగళ్ళు వచ్చాయి. రాత్రి పొద్దుపోయేదాకా అక్కడే కూర్చుని కలిసి అంటించుకునే ఆడవాళ్ళ గుంపులు కూడా వచ్చాయి. ఫోటోలు ఫోన్లలోకి, కొనుగోళ్ళు ఆన్‌లైన్లోకి వెళ్ళాక వాటిలో చాలా మూతపడ్డాయి. అమెరికాలో ఉండే మన పిల్లలకు తెలిసిన జోఆన్ లాంటి పెద్ద సంస్థే 2025లో అన్ని దుకాణాలూ మూసేసింది. మన బెంగళూరులో 2007లో మొదలైన ఇట్సీ బిట్సీ లాంటి క్రాఫ్ట్ అంగళ్ళు ఇప్పుడూ నడుస్తున్నాయి. బైండర్లు మాత్రం స్పైరల్ బైండింగ్, జెరాక్సులతో నెట్టుకొస్తున్నారు.

పీణ్యకూ ఇందులో చిన్న పాత్ర ఉంది. చిన్నాయన పనిచేసింది అట్టపెట్టెలు చేసే యూనిట్లో. ప్లైవుడ్ పలకలో గాడి కోసి, వంచిన ఉక్కు బ్లేడు బిగిస్తే అది డై. దాని కింద అట్ట పెట్టి నొక్కితే పెట్టె ఆకారం ఊడి వస్తుంది. క్రాఫ్ట్ అంగట్లో ప్యాకెట్లలో అమ్మే పూలూ సీతాకోకచిలుకలూ ఇలాంటి పనితోనే తయారవుతాయి. మిగిలిన రంగు అట్ట ముక్కల్ని చిన్నాయన సంచిలో వేసుకొచ్చేవాడు. మా స్కూలు స్క్రాప్ బుక్కులన్నీ ఆ ముక్కలతోనే అయ్యాయి. ఇనుము కాకపోయినా, అదీ పీణ్య స్క్రాపే కదా!

ఇక మా తప్పు చెప్పాలి. 1990లలో ఇంట్లో పాత ఫోటోలన్నీ ఒక కొత్త ఆల్బములో పెట్టాం. జిగురు గీతల పేజీలు, పైన ప్లాస్టిక్ పొర. ఫోటో పెట్టి పొర మూస్తే సరి, మెతుకుల బాధ లేదని సంబరపడ్డాం. అవ్వ పోయాక తెరిస్తే పేజీలు పచ్చబడి ఉన్నాయి, ఫోటోలు కదల్లేదు. ఆ జిగురూ, కొన్ని రకాల ప్లాస్టిక్కూ కాలం గడిచేకొద్దీ ఫోటోను పాడుచేస్తాయని తర్వాత తెలుసుకున్నాం. ఒక గుంపు ఫోటోను గోటితో లాగితే చివర నిలబడ్డ అమ్మాయి ముఖం మీదుగా చిరిగింది. వెనక అవ్వ చేతిరాత ఉంది, తెలుగులో, వరసగా పేర్లు. మాకు తెలుగు బడిలో రాలేదు. కన్నడ అక్షరాలతో పోల్చుకుంటూ, తలకట్లు వేరైనా కూడబలుక్కుని చదివాం. చివరి పేరు తాత చెల్లెలిది. పెళ్ళి కాకముందే పోయింది. మాకు దొరికినంతలో ఆమె ఫోటో అదొక్కటే.

అవ్వ ఉండగా ఒక్కసారి ఆ ఆల్బం ముందు కూర్చుని ఉంటే ఆ ముఖం నిలిచేది. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు దొరికితే ఎప్పుడు, ఎక్కడ, ఏ స్థితిలో అని రాయకుండా ముందుకెళ్ళం. ఇంటి ఫోటోలకు ఆ పని చేయాలని మాత్రం తట్టలేదు.

ఇప్పుడు మేము చేస్తున్నది చెబుతాం, మీకూ పనికొస్తుంది. ముందు పేజీ పేజీనీ ఉన్నదున్నట్టు ఫోటో తీస్తున్నాం. తర్వాతే సన్నటి దారాన్ని ఫోటో వెనక్కి దూర్చి మెల్లగా రంపంలా ఆడిస్తూ విడదీస్తున్నాం. రానివాటిని బలవంతం చేయడం లేదు. కొత్త పేజీలకు ఆమ్లం లేని కాగితమే వాడుతున్నాం, ఫోటోలను జిగురుతో కాకుండా కాగితపు మూలల్లో దూర్చి నిలబెడుతున్నాం. న్యూస్‌పేపరు కత్తిరింపులు చెక్క గుజ్జు కాగితం, అవి తామూ పచ్చబడి పక్కవాటినీ పాడుచేస్తాయి. వాటికి మంచి కాగితం మీద నకలు తీసి, అసలును విడిగా కవరులో పెడుతున్నాం. అవ్వ రిజిస్టరును ఒక పాత బైండరుకిచ్చి కుట్టించాం. అంచులు మాత్రం కోయొద్దని చెప్పాం, బస్సు టిక్కెట్లు తెగిపోతాయని.

ప్రతి ఫోటో కింద పేజీ మీద పెన్సిలుతో పేరు, ఊరు, ఏడాది రాస్తున్నాం. తెలుగులో ఒకసారి, కన్నడలో ఒకసారి. మా పిల్లలు ఏ బడిలో చదివినా, రెండింట్లో ఏదో ఒకటి చదవగలిగితే చాలు. చిరిగిన ఫోటో కింద కూడా రాశాం. అమ్మకూ పెద్దమ్మకూ ఇంకా గుర్తున్న ముఖాలు ఒక ఆల్బం నిండా ఉన్నాయి. వచ్చే సంక్రాంతి సెలవుల్లో వాళ్ళను మధ్యలో కూర్చోబెట్టుకుని ఆ పని పూర్తి చేస్తాం. మీ ఇళ్ళలో అలాంటి పెద్దవాళ్ళుంటే మీరు పండగ దాకా ఆగకండి.