పెట్రోలు బండియు డీజిలు బండియు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము పురాణము గాదు, వేదాంతము గాదు. ఇంటి ముంగిట నిలుచు కారును గూర్చినది. పంట బాగుగ చేతికి వచ్చిన యేట, లేక కొడుకు పట్టణమున కొలువు సంపాదించిన యేట, మన యూళ్లలో కారు కొనవలెనను మాట పుట్టుచున్నది. అది పుట్టిన మఱునాడే రెండవ మాట పుట్టును: "పంతులుగారూ, పెట్రోలుది కొనుమందురా, డీజిలుది కొనుమందురా?" నాకు కారు లేదు. ముప్పదియైదేండ్లు బడిలో చరిత్ర చెప్పినవాడను గనుక, ఏ ప్రశ్న వచ్చినను దాని పుట్టుక నుండి మొదలుపెట్టుట నా యలవాటు. ఈ ప్రశ్న పుట్టుక కొంత యంత్రములో నున్నది. కొంత ప్రభుత్వము కట్టిన ధరలో నున్నది. ఈ రెండవ భాగమే పెద్దది. అందు రైతు పేరు పలుమాఱు వినవచ్చును. కావున మీరు వినదగినది.

ముందుగా పేర్లు. లాటిను భాషలో పెట్రా యనగా ఱాయి, ఓలియ మనగా నూనె. పెట్రోలు అనగా శిలాతైలమన్నమాట. అమెరికావారు దీనినే గ్యాసొలీ నందురు. మన పూర్వులు తైల మను మాటను తిలల నుండియు, నూనె యను మాటను నువ్వుల నుండియు తెచ్చుకొనిరి. పాశ్చాత్యులు ఱాతి నుండి తెచ్చుకొనిరి. డీజిలు మాత్రము వస్తువు పేరు గాదు, మనుష్యుని పేరు. రుడాల్ఫు డీజిలు అను నతడు 1858లో పారిసు నగరమున జర్మను తలిదండ్రులకు జన్మించెను. మ్యూనికు నగరమున యంత్రశాస్త్రము చదివెను.

అతని కాలమునకే పెట్రోలు యంత్రము వాడుకలోనికి వచ్చుచుండెను. ఆటో యను జర్మను వర్తకుడు 1876లో నాలుగు అంగల యంత్రమును నిలిపెను. 1886లో కార్లు బెంజి తన మూడు చక్రముల మోటారు బండికి హక్కుపత్రము పొందెను. ఈ యంత్రములో పెట్రోలు ఆవిరిని గాలితో కలిపి, సిలిండరులో అదిమి, విద్యుత్తు నిప్పురవ్వతో అంటింతురు. డీజిలు పండితుని యాలోచన వేఱు. నిప్పురవ్వ అక్కఱయే లేదనెను. మీలో సైకిలుకు గాలి కొట్టినవారందఱును ఎఱుగుదురు, నాలుగుమాఱులు గట్టిగ నొత్తినంతనే పంపు అడుగున చేయి పెట్టలేనంత వేడి పుట్టును. అట్లే సిలిండరులోని గాలిని పదునైదింతలు, ఇరువదింతలు అదిమినచో అది యెఱ్ఱని కొలిమివలె కాగును. అందులోనికి నూనెను తుంపరగా చిమ్మినచో దానంతట అదే మండును. ఈ తలంపునకు అతడు 1892లో హక్కుపత్రము కోరెను. ఔగ్సుబర్గు పట్టణపు కర్మాగారమున నాలుగైదేండ్లు తంటాలు పడి, 1897లో నూనెలోని శక్తిలో నూటికి 26 పాళ్లు పనికి తెచ్చు యంత్రమును లోకమునకు చూపెను. నాటి ఆవిరియంత్రములు పెక్కింటికి నూటికి పది పాళ్లును దక్కుట కష్టముగా నుండెను.

ఇచట వేరుసెనగ రైతులు చెవియొగ్గి వినవలసిన సంగతి యొకటి కలదు. 1900లో పారిసునందు జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఒక చిన్న డీజిలు యంత్రమును వేరుసెనగ నూనెతో నడపిరి. భూమిలోని చమురునకై చేసిన యంత్రము, ఒక్క మరనైనను మార్చకుండ, సెనగనూనెతో నడచెను. ఆఫ్రికాలోని తమ వలసలలో వేరుసెనగ విరివిగా పండుటచే ఫ్రెంచి ప్రభుత్వము ఈ ప్రయోగము కోరెనట. ఈ సంగతి చాలమంది గమనింపనే లేదని డీజిలే తరువాత చెప్పుకొనెను. అతని యవసానము దుఃఖకరము. 1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి, ఆంట్‌వర్పు నుండి ఇంగ్లండునకు పోవు డ్రెస్డెను అను ఓడలో భోజనము చేసి గదికి పోయినవాడు తెల్లవాఱునప్పటికి లేడు. కొన్నాళ్లకు సముద్రములో దొరికిన శవముపైని వస్తువులను కుమారుడు గుర్తించెను. అప్పటికి అతడు అప్పులలో మునిగియుండెను.

యంత్రము మంచిదే యైనను చాలకాలము కారులోనికి రాలేకపోయెను. అంత ఒత్తిడిని తట్టవలెనన్న గోడలు దళసరిగా నుండవలెను, అందుచే బరువు. నూనెను చిమ్ముటకు మొదట వేఱొక గాలియంత్రము కూడ కావలసివచ్చెను. కావున అది ఓడలలోను, కర్మాగారములలోను కూర్చుండెను. 1920లలో లారీల కెక్కెను. 1927లో బాషు సంస్థ నూనెను చిమ్ము చిన్న పంపును విరివిగా తయారుచేయనారంభించిన తరువాతనే కారునకు దారి తెఱచుకొనెను. 1936లో బెర్లిను మోటారు ప్రదర్శనమున మెర్సిడీసు బెంజి వారు 260 డి అను డీజిలు కారును నిలిపిరి. నూఱు కిలోమీటర్లకు దానికి 9 లీటర్ల డీజిలు చాలెడిది. అదే కొలత గల పెట్రోలు బండికి 13 లీటర్లు కావలసియుండెను. దానిని మొదట మెచ్చుకొన్నవారు ధనవంతులు గారు, అద్దెబండ్లవారు. రోజంతయు తిరుగువానికే లీటరు విలువ తెలియును గదా.

ఇక మన దేశము. నా చిన్ననాట, 1960లలో, మాకు డీజిలు అనగా కారు గాదు. బావిగట్టు మీది ఆయిలింజను. పూణేలో 1946లో నెలకొన్న కిర్లోస్కరు ఇంజనుల సంస్థ పేరు ఎఱుగని రైతు ఉండెడివాడు గాడు. చేతితో తిప్పి విడిచిన టకటకమని మొదలుపెట్టి, తెల్లవాఱుజామున ఏ పొలమున నీరు పాఱుచున్నదో ఊరికెల్ల చాటెడిది. ధాన్యము మోయు లారీ, మనుష్యులను మోయు బస్సు, దున్ను ట్రాక్టరు, అన్నియు డీజిలే త్రాగెడివి. పెట్రోలు మాత్రము దొరలకు, డాక్టర్లకు, సినిమావారికి. ఈ భేదమును మనసున నుంచుకొనియే ప్రభుత్వము ధరలు కట్టెను. 1973లో అరబ్బు దేశములు చమురు బిగించినప్పుడు మన ప్రభుత్వము పెట్రోలు ధరను చాల హెచ్చించెను. డీజిలును, కిరసనాయిలును చాలవఱకు కాచెను. ధనికుడు తన విలాసమునకు చెల్లించుకొనుగాక, రైతునకును లారీకిని భారము పడరాదు. పడినచో బియ్యము ధరయు పెరుగును అని తలంపు. తలంపు న్యాయమైనదే.

అయితే ధర యనునది నీరువంటిది, పల్లమెఱుగును. రెండు నూనెల నడుమ ధరలో అంతరము ఏర్పడినంతనే అద్దెకారు యజమానులు పెట్రోలు యంత్రమును ఊడదీసి డీజిలు యంత్రమును బిగింపించుకొనసాగిరి. అట్టి కారులో నేను పెండ్లివారితో కూడ తిరుపతి పోయితిని. గేరుకఱ్ఱ కొరడావలె ఊగుచుండెను. ముందు కూర్చున్నవాని మాట వెనుకవానికి వినబడకుండెను. ఇరుగుపొరుగువారికి మాత్రము మేము వచ్చుచున్న సంగతి మైలుదూరము నుండియే తెలిసెడిది. 1980 ప్రాంతమున కర్మాగారమునుండియే డీజిలు అంబాసిడరు వచ్చినది. 1998లో టాటా వారు మన దేశముననే రూపొందించిన ఇండికా కారును డీజిలుతో అమ్మిరి. అప్పటినుండి ఇది అద్దెబండి కథ గాక ఇంటిబండి కథ యైనది.

అసలు ఘట్టము 2010 జూనులో మొదలైనది. ఆ నెలలో పెట్రోలు ధరను ప్రభుత్వము వదలివేసి, చమురు సంస్థల యిష్టమునకు విడిచెను. డీజిలును మాత్రము తన చేతిలోనే యుంచుకొనెను. ఫలితము చూడుడు. 2012 మే మాసాంతమున ఢిల్లీలో పెట్రోలు లీటరు ఇంచుమించు 73 రూపాయలు. డీజిలు ఇంచుమించు 41. ఒక్క లీటరునకు 32 రూపాయల యంతరము! ఆ దినములలో దేశమున అమ్ముడైన కార్లలో సగమునకు మించి డీజిలువే. లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి డీజిలు కారు కొన్నవాని లెక్క వేసి చూతము. పెట్రోలు కారు లీటరుకు 15, డీజిలు కారు 20 కిలోమీటర్లు పోవుననుకొనుడు. కిలోమీటరుకు పెట్రోలు 4 రూపాయల 87 పైసలు, డీజిలు 2 రూపాయల 5 పైసలు. ముప్పదియైదువేల కిలోమీటర్లు దాటినంతనే పెట్టిన లక్ష తిరిగి వచ్చును. ఎవడు మానుకొనును? కొన్నవానిని నేను తప్పుపట్టను.

కాని ఆ చౌకధరకు సొమ్ము ఎచటినుండి వచ్చినది? 2012-13 సంవత్సరమున డీజిలును అసలు ధరకంటె తక్కువకు అమ్ముటవలన పడిన లోటు తొంబదివేల కోట్ల రూపాయలకు పైచిలుకు. రైతు పేరు చెప్పి భరించిన లోటిది. దేశమున డీజిలును ఎవరు త్రాగుచున్నారని ప్రభుత్వము చేయించిన పరిశీలన 2014 జనవరిలో వెల్లడియైనది. ట్రాక్టరు, పంపు, ఇతర పనిముట్లు కలిపి వ్యవసాయమునకు నూటికి సుమారు 13 పాళ్లు. స్వంత కార్లకును నూటికి సుమారు 13 పాళ్లే! అద్దె కార్లు వేఱు. అనగా సేద్యగాడు త్రాగినంత డీజిలును కారు యజమానియు త్రాగెను. రాయితీయు సరిసమానముగ పంచుకొనెను. పత్రికలలో మాత్రము "రైతు రాయితీ" అను పేరే నిలిచెను. కిరీటు పారీఖు సంఘము 2010లోనే, ఒక్కొక్క డీజిలు కారుపై 80,000 రూపాయల అదనపు సుంకము వేసి ఈ తేడాను సరిచేయవలెనని సూచించినది. ఆ మాట చెల్లలేదు. నాకు ఈ చరిత్రలో మిక్కిలి బాధ కలిగించిన భాగమిదియే. మెరక పొలమునకని త్రవ్విన కాలువను ఎగువవాడు త్రిప్పుకొన్నచో మీరు పంచాయతి పెట్టుదురు. ఈ కాలువ కంటికి కనబడకుండుటచే ఎవరును పంచాయతి పెట్టలేదు.

2013 జనవరి నుండి ప్రభుత్వము డీజిలు ధరను నెలకు అర్ధరూపాయి చొప్పున హెచ్చించుచు వచ్చి, 2014 అక్టోబరులో దానినిగూడ వదలివేసినది. 2020 జూనులో ఒక విచిత్రము జరిగినది. ఢిల్లీలో డీజిలు 79 రూపాయల 88 పైసలు, పెట్రోలు 79 రూపాయల 76 పైసలు! తమ్ముడు అన్నను మించినాడు. అది పన్నులవలన కొలదికాలము జరిగినదే యైనను, యాబదియేండ్ల ధరల తారతమ్యము ఎట్లు కరగిపోయెనో దానివలన తెలియును.

ధర తగ్గినంత మాత్రమున డీజిలు కారు వాడిపోలేదు. పొగయు దానిని దెబ్బకొట్టినది. ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాలయము 2012 జూనులో డీజిలు పొగను క్యాన్సరు కలిగించు వస్తువుల మొదటి వరుసలో చేర్చెను. ఢిల్లీలో పదేండ్లు నిండిన డీజిలు బండ్లు తిరుగరాదని హరిత న్యాయస్థానము 2015లో ఆజ్ఞాపించెను. పెట్రోలు బండ్లకు పదునైదేండ్లు ఇచ్చెను. సుప్రీము కోర్టు 2018లో దీనిని బలపఱచెను. ఆ 2015లోనే సెప్టెంబరున అమెరికాలో ఫోక్సువాగను సంస్థ బండారము బయటపడినది: పరీక్ష జరుగుచున్నదని కనిపెట్టి అప్పుడు మాత్రము పొగ తగ్గించు మాయను తమ డీజిలు కార్లలో అమర్చిరి. ప్రపంచమున అట్టి బండ్లు ఒక కోటి పదిలక్షలు. పరీక్షాధికారి వచ్చిన దినమున మాత్రము పాఠము ఒప్పజెప్పు పిల్లలను నేను చాలమందిని చూచితిని. బండ్లును అట్లు నేర్చునని ఊహింపనైతిని.

పెట్రోలు మాత్రము పుణ్యశీల యని తలపకుడు. యంత్రము కొట్టుకొనకుండుటకని దానిలో సీసము కలుపు పద్ధతి 1920లలో అమెరికాలో మొదలైనది. మన దేశమున 2000వ సంవత్సరము దాక అది కొనసాగినది. పిల్లల బుద్ధిని మందగింపజేయు విషమది.

2020 ఏప్రిలు 1వ తేదీ నుండి భారతు స్టేజి ఆఱు అను కఠిననియమము వచ్చినది. నూనెలోని గంధకము పదిలక్షల పాళ్లకు 10 పాళ్లు మించరాదు. డీజిలు కారు పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ అమర్చవలెను. కొన్నింటికి యూరియా ద్రవమును గూడ పోయవలెను. ఇది పొలమునకు చల్లు యూరియా సంచి గాదు సుమా! అది నీట కలిపి పోసినచో యంత్రము చెడును. ఈ సామగ్రియంతయు చేరుటచే డీజిలు బండి ధర పెరిగెను. మారుతి సంస్థ నాటినుండి డీజిలు కార్లను చేయుట మానెను. ఆ జల్లెడకొక గుణము కలదు. బండి చాలదూరము ఏకబిగిని పోయి వేడెక్కిననే అందలి మసి కాలిపోవును. ఇంటినుండి బజారునకు, బజారునుండి గుడికి పోవు బండిలో అది పూడుకొనును.

మీ ప్రశ్నకిక వత్తును. 2024 మార్చిలో ఢిల్లీలో పెట్రోలు ఇంచుమించు 95, డీజిలు ఇంచుమించు 88. వెనుకటి లెక్కనే తీసికొన్నచో కిలోమీటరుకు మిగులు 1 రూపాయి 93 పైసలు. డీజిలు కారునకు లక్షన్నర ఎక్కువ పెట్టితిమేని అది తిరిగి వచ్చుటకు డెబ్బదియేడువేల కిలోమీటర్లు పోవలెను. ఏటికి ఆఱువేల కిలోమీటర్లు తిరుగు గృహస్థునకు పదమూడేండ్లు పట్టును. ఏటికి నలుబదివేలు తిరుగు అద్దెబండివానికి రెండేండ్లు చాలును. అట్టివానికిని, ఘాటురోడ్డులపై బరువుతో పోవువానికిని డీజిలు నేటికిని తగినదే. తక్కువ వేగమున దాని లాగుడుబలము ఎక్కువ. మన రాష్ట్రములలో పన్నులు వేఱు గనుక, బంకులో వ్రాసిన ధరలను తీసికొని, మీ మనుమని చేత పలకమీద ఇదే లెక్క వేయింపుడు. మీ పాతబండి మీటరులో ఏటికెన్ని కిలోమీటర్లు తిరిగినదో చూచి మఱి వేయింపుడు. పెండ్లిండ్లకు పోవుదుము, తీర్థములకు పోవుదుము అని నోటితో చెప్పిన దూరము నమ్మదగినది గాదు.

ఇంకొక్క మాట. 1900లో వేరుసెనగ నూనెతో నడచినది డీజిలు యంత్రము. కాని 2025 నాటికి మన దేశమున చెఱకు, మొక్కజొన్న, బియ్యము నుండి తీసిన ఇథనాలును నూటికి 20 పాళ్లు కలుపుచున్నది పెట్రోలులో. చేనిపంట చేరినది రెండవ బండిలోనికి. ఇథనాలులో శక్తి పెట్రోలుకంటె తక్కువ గనుక, లెక్క వేయునప్పుడు పెట్రోలు బండికి లీటరుకు పదునైదునకు బదులు పదునాలుగు కిలోమీటర్లే వేసికొనుడు.