వుస్తా వేలు చెప్పే తారీఖ్

మన ఇళ్లల్లో పిల్లలు గిటార్ కావాలని అడిగితే మొదట వినపడే మాట, ‘అది అంగ్రేజోంకా బాజా, మనకెందుకు బేటా?’ అని. ఇంకోపక్క ‘గిటార్ మొత్తం మన ముసల్మాన్ల ఈజాద్’ అని ఫఖర్‌గా చెప్పేవాళ్లూ ఉన్నారు. తారీఖ్ తెరిచి చూస్తే రెండు మాటలూ నిలవవు. మౌసీఖీ జాయిజా కాదా అన్న బహస్ ఉలమాల మధ్య పాతదే. దాన్ని వాళ్లకే వదిలేసి ఇక్కడ ఒక్క స్కేల్ కథ చెబుతాను.

గిటార్ నేర్చుకునేవాళ్లకి మొదట్లోనే ఎదురయ్యేది నేచురల్ మైనర్ స్కేల్. కాస్త ఉదాసీ, కాస్త దర్ద్ ఉన్న సుర్లు. లావు తీగ పక్కనున్న ‘ఏ’ తీగని ఖాళీగా మీటాలి. తర్వాత రెండో మెట్టు మీద చూపుడు వేలు, మూడో మెట్టు మీద నడిమి వేలు. పక్కనున్న ‘డి’ తీగ మీద అచ్చం అదే: ఖాళీ, రెండు, మూడు. ఆ పక్క ‘జి’ తీగ మీద ఖాళీ, రెండు. ఎనిమిది సుర్లు, స్కేల్ పూర్తి. ఉంగరం వేలితో పనే పడలేదు.

ఇప్పుడు బగ్దాద్ పోదాం. ఖలీఫా హారూన్ రషీద్ (786–809) దర్బార్‌లో ఇస్‌హాఖ్ అల్ మౌసిలీ (767–850) అనే గొప్ప ఉస్తాద్ ఉండేవాడు. అప్పటి ఊద్‌కి నాలుగు తీగలు: బమ్, మస్లస్, మస్నా, జీర్. ఒక తీగ ‘స’ అయితే పక్క తీగ ‘మ’. గిటార్‌లో ఏ, డి, జి తీగల మధ్య కూడా సరిగ్గా ఇదే రిష్తా. సుర్లకి వాళ్లు వేళ్ల పేర్లే పెట్టుకున్నారు. ఖాళీ తీగ ముత్లఖ్. చూపుడు వేలు, అంటే మన శహాదత్ కీ ఉంగ్లీ, సబ్బాబా. నడిమి వేలు వుస్తా. ‘సలాతుల్ వుస్తా’లో ఉన్న వుస్తాయే ఇది! ఉంగరం వేలు బిన్సిర్, చిటికెన వేలు ఖిన్సిర్.

ఇస్‌హాఖ్ రాగాలని రెండు దారులుగా విడదీశాడు: వుస్తా దారి, బిన్సిర్ దారి. ఒక దారిలో వెళ్లేవాడు రెండోది తొక్కకూడదు. పదో సదీలో అబుల్ ఫరజ్ ఇస్ఫహానీ రాసిన ‘కితాబుల్ అఘానీ’లో పాటల పక్కన ఈ గుర్తులే కనిపిస్తాయి. పైన గిటార్ మీద మనం నడిచింది వుస్తా దారి. నడిమి వేలి బదులు నాలుగో మెట్టు మీద ఉంగరం వేలు పెడితే ఒక్క మెట్టు ఫరక్‌తో ఉదాసీ పోయి మేజర్ రంగు వచ్చేస్తుంది.

అలాగని యూరప్ మన దగ్గర చోరీ చేసిందని అనను. గ్రీకుల ఇల్మ్ అరబ్బీలోకి వచ్చింది, అల్ కిందీ, ఫారాబీ దాన్ని పెంచారు. 822లో జిర్యాబ్ కుర్తుబా చేరాడు. ఊద్‌కి ఐదో తీగ కలిపాడని అతనికి పేరు. ‘అల్ ఊద్’ అన్న మాటే యూరప్‌లో ‘ల్యూట్’ అయింది. గిటార్ అన్న పేరు మాత్రం గ్రీకు ‘కిథారా’ నుంచి వచ్చింది. 14వ సదీ స్పెయిన్‌లో మూర్ల గిటార్, లాటిన్ గిటార్ రెండూ పక్కపక్కనే మోగేవి. 1547లో గ్లారియన్ అనే స్విస్ ఆలిమ్ ఈ సుర్ల వరసకి ‘ఏయోలియన్’ అని పేరు పెట్టాడు. మన దగ్గర అవే సుర్లు కర్ణాటక సంగీతంలో 20వ మేళకర్త నఠభైరవి, హిందుస్తానీలో ఆసావరీ ఠాట్. ఏ ఒక్క ఖాందాన్ జాగీరూ కాదు ఇది.

మరి మన విరాసత్ అని ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది లేదా? ఉంది. ఇస్‌హాఖ్‌కి ఊద్ నేర్పిన ఉస్తాద్ పేరు జల్‌జల్. ఆయన వుస్తాకీ బిన్సిర్‌కీ నడుమ ఇంకో చోట వేలు పెట్టాడు. అటు పూర్తి ఉదాసీ కాదు, ఇటు పూర్తి ఖుషీ కాదు. ఫారాబీ దాన్ని కొలిచి, తీగ పొడవులో 22/27 దగ్గర పలుకుతుందని రాశాడు. దాని పేరు ‘వుస్తా జల్‌జల్’. గిటార్ మీద అది మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ మధ్య పడుతుంది, అక్కడ మెట్టు లేదు. అరబ్బుల ‘రాస్త్’ మఖామ్‌లో ఆ తరహా సుర్ ఇప్పటికీ జిందాగా ఉంది.

కాబట్టి గిటార్ నేర్చుకునే బచ్చాలని ఆపకండి, అబద్ధపు ఫఖర్ కూడా నేర్పకండి. ‘ఏ’ తీగ మీద మూడో మెట్టు, నాలుగో మెట్టు వాయించమనండి. తర్వాత రాస్త్ వినిపించి, ఆ రెంటి మధ్య దాక్కున్న సుర్‌ని వెతకమనండి. పన్నెండు మెట్లలోనే దునియా సుర్లన్నీ ఇమిడిపోవని ఆ బచ్చాకి ఎవరూ చెప్పక్కర్లేదు, చెవులే చెబుతాయి.