నాలుగణాల చీటీ – తండాకు చేరిన ధైర్యం

తెలంగాణ సాయుధ పోరాటం అనగానే నాయకుల పేర్లు చెప్పుకుంటాం. కానీ "బాంచెన్ దొర, కాల్మొక్త" అన్న నోళ్లు ఎదురుమాట ఎలా నేర్చాయి? ఆ ధైర్యం ఊరి నుంచి ఊరికి ఏ దారిన పోయింది? మన పిల్లలకు చెప్పవలసిన చరిత్ర ఇది.

ఆంధ్ర మహాసభ తొలి సభ 1930లో పాత మెదక్ జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. అప్పటికది చదువుకున్నవారి సంస్థ. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభతో అది పల్లె జనంలోకి దిగింది. సభ్యత్వం రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గింది. చీటీ తీసుకున్న కూలికి సంఘం అండ దొరికింది.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి దొడ్డి కొమురయ్య బలయ్యాడు. జనం గుత్పలు పట్టి, పాటలు పాడుతూ ఊరూరా తిరిగారు. ఒక ఊరు వెట్టి మానేస్తే, అది కళ్లారా చూసిన పక్క ఊరూ మానేసింది. ఉపన్యాసం కంటే పక్క ఊరే పెద్ద సాక్ష్యం.

తండాల్లోనూ అంతే. ధర్మాపురం, ముండ్రాయి లంబాడ రైతులు దొరలు గుంజుకున్న భూములను తిరిగి దున్నుకున్నారు. ధర్మాపురం తండా బిడ్డ జాటోతు ఠాను నాయక్ ఆ పోరులోనే ప్రాణమిచ్చాడు. ఒకే గోత్రంలో పెళ్లి చేసుకోం కనుక తండాకూ తండాకూ వియ్యం ఉంటుంది. మన కబురు నడిచే దారి అదే.

నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి యువకులు రక్షక దళం కట్టి, ఊరి బురుజు మీద కాపలా కాశారు. రజాకార్లను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న నిజాం సైనికులతో వచ్చిన రజాకార్లు 90 మందికి పైగా చంపారు. ఒక ఊరిని కాలిస్తే పది ఊళ్లు వణుకుతాయన్నది వాళ్ల లెక్క. ధైర్యం నడిచిన దారినే భయాన్నీ పంపాలని చూశారు. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబరు 17న, నిజామే లొంగిపోయాడు.

మంచికైనా చెడుకైనా దారి ఒక్కటే. ఒకప్పుడు మన పెళ్లిళ్లలో మగపిల్లవాడి వైపువాళ్లే ఓలి ఇచ్చేవారు. ఇప్పుడు ఆడపిల్ల తండ్రి భూమి అమ్మి కట్నం ఇస్తున్నాడు. ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఒక ఇంటిని చూసి మరో ఇల్లు, ఒక తండాను చూసి మరో తండా పట్టుకున్నాయి. కట్నం వద్దన్న ఇల్లు ఒక్కటే ఉంటే నలుగురూ నవ్వుతారు. పది ఇళ్లు ఒక్కమాట మీద నిలబడితే అదే ఆచారమవుతుంది. వెట్టి పోయింది ఈ లెక్కతోనే.

ఉపాధ్యాయులు బైరాన్‌పల్లి, ధర్మాపురం కథలు చెప్పేటప్పుడు తేదీలతో ఆపకూడదు. "మీ తండాలో ఈ మాట ముందుగా ఎవరింట మొదలవ్వాలి?" అని పిల్లలను అడగాలి. యువకులు ఆ ఇల్లు తమదే కావాలని కోరుకోవాలి, ఆ వెంటనే మిగతా తొమ్మిది ఇళ్లను వెతుక్కోవాలి.