ఇసుక మీద ఖాళీ లేదు

ఆటో ఇంతకన్నా ముందుకి రాదు. దిగి నడవాలి. పెదవాల్తేరు దాటి సముద్రం వైపు తిరిగితే పెదజాలారిపేట సందులు మొదలవుతాయి. ఎదురుగా మనిషి వస్తే ఇద్దర్లో ఒకరు గోడకి ఒదగాల్సిందే. అదిగో, ఒకతను బోటు ఇంజను భుజానికెత్తుకుని వస్తున్నాడు. ముందు మనమే ఒదుగుదాం. ఇంజను ఒడ్డున వదిలేసి ఎవరూ ఇంటికి రారు. ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు అదే.

గుమ్మాల ముందు ముగ్గు తడి ఇంకా ఆరలేదు. ముగ్గు పక్కన నీలం నైలాను వల కుప్ప, దాని పక్కన వరసగా నీళ్ళ డ్రమ్ములు, మూతల మీద ఎవరి గుర్తు వాళ్ళది. సంక్రాంతి వెళ్ళి ఎక్కువ రోజులు కాలేదు. చలిగాలిలో ఉప్పు, డీజిలు, కట్టెల పొయ్యి పొగ కలిసి తగులుతున్నాయి.

విశాఖ నగరం ఈ పేట చుట్టూ పెరిగింది. ఒకవైపు లాసన్స్ బే కాలనీ మేడలు, బీచి రోడ్డు మీద వాకింగుకొచ్చిన జనం. మధ్యలో జాలర్ల ఇళ్ళు గోడకి గోడ. మనతో నలుగురు ఆర్కిటెక్చర్ విద్యార్థులు, వాళ్ళ మాస్టారు ఉన్నారు. ఒక దాత ఇచ్చిన కొద్దిపాటి డబ్బుతో పేటకి పనికొచ్చే చిన్న కట్టడం ఒకటి కట్టాలి. ఏం కట్టాలో, ఎక్కడ కట్టాలో ఎవరూ ముందుగా తేల్చుకుని రాకూడదన్నది మాస్టారి షరతు. ఆయన షరతు నాకు నచ్చింది. పేదలుండే చోటికి నగరం నుంచి వచ్చే మేలు చాలాసార్లు ముందే గీసేసిన ప్లానుతో వస్తుంది.

సందు చివర ఇళ్ళు ఒక్కసారిగా ఆగిపోయి కాళ్ళకింద ఇసుక తగులుతుంది. కుడివైపు దూరంగా డాల్ఫిన్ నోస్ కొండ, ఎడమవైపు కైలాసగిరి. వెలుగు వస్తోంది. నీళ్ళ అంచుకీ ఇళ్ళకీ మధ్య వెడల్పాటి ఇసుక, అక్కడక్కడ ఒడ్డుకి లాగిన బోట్లు తప్ప ఏమీ లేనట్టు కనిపిస్తుంది.

"మాస్టారూ, ఇంత ఖాళీ ఉంది కదా. ఇక్కడే పెట్టేద్దాం" అన్నాడు టోపీ పెట్టుకున్న కుర్రాడు.

మాస్టారు అవుననలేదు, కాదనలేదు. "కూచో. ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో గంట గంటకీ కొత్త కాగితం మీద గుర్తు పెట్టు" అన్నారు. మనమూ కూచుందాం.

మొదటి బోటు కనబడింది. కెరటం మీద ఎక్కి దిగుతూ వస్తోంది. ఒడ్డు దగ్గర పడగానే ఇంజను పైకి లేపేశారు. ఇద్దరు నడుంలోతు నీళ్ళలోకి దూకి చెరో అంచు పట్టారు. ఒడ్డున ఉన్నవాళ్ళు పిలవకుండానే పరిగెత్తారు. అది ఎవరి బోటని ఎవరూ అడగలేదు. హైలెస్సా అని ఒక్క గొంతు, అందరి భుజాలు. ఫైబర్ బోటు ఇసుక మీద నాలుగడుగులు ముందుకొచ్చి ఆగింది. మళ్ళీ కేక, మళ్ళీ నాలుగడుగులు. ఒకప్పుడు ఇక్కడ కట్టెల తెప్పలే ఎక్కువ. ఫైబర్ బోటు బరువు వేరు, దాన్ని లాగడానికి కావలసిన దారి వెడల్పు కూడా వేరు. టోపీ కుర్రాడు కాగితం మీద మొదటి గీత గీశాడు. నీళ్ళ నుంచి ఇళ్ళ దాకా, ఏదీ అడ్డం ఉండకూడని దారి అది.

వల ఇసుక మీద పరిచారు. కవళ్ళు వలకన్నుల్లో తలలు దూర్చి ఇరుక్కుపోయి వెండి తునకల్లా మెరుస్తున్నాయి. ఒకావిడ మన పక్కనే కూచుని విడదీస్తోంది. మొప్ప దగ్గర బిగిసిన దారాన్ని బొటనవేలి గోరుతో వెనక్కి తోసి, చేపని తలవైపు నుంచే లాగుతోంది. తోకవైపు లాగితే వల చిరుగుతుంది, చేప నలుగుతుంది. నలిగిన చేప ధర పడిపోతుంది. చేప వెంట చేప తట్టలోకి పడుతోంది, ఆవిడ మాత్రం చేతులకేసి చూడటం లేదు. వేలంపాట మొదలైందా లేదా అని అటే చూస్తోంది.

పాట మొదలైంది. కుప్ప చుట్టూ ఆడవాళ్ళ వలయం. పాడేవాడు ధర చెప్పి ముఖాల్లోకి చూస్తాడు. ఒకరు కనుబొమ్మ ఎగరేస్తారు, ఒకరు పెదవి విరుస్తారు. బయటివాళ్ళకి అర్థమయ్యేలోపు కుప్ప చేతులు మారిపోతుంది. వచ్చిన డబ్బులోంచి డీజిలూ ఐసూ ఖర్చు తీసేసి, బోటుకీ వలకీ ఒక పాలు, వేటకెళ్ళినవాళ్ళకి మిగతా పాళ్ళు. ఎంత వచ్చిందో, ఎవరికెంతో అందరి ఎదటే తేలిపోతుంది. అందుకే పాట ఆరుబయట జరగాలి, అందరూ చుట్టూ నిలబడేంత చోటుండాలి.

పాట అయినచోటే పదింటికి పాత వలలు పరిచి నెత్తళ్ళు ఎండబోశారు. మధ్యాహ్నానికి ఎండ తిరిగి, ఒక బోటు నీడలో ముగ్గురు మగవాళ్ళు చిరిగిన వల సర్దుతూ కూచున్నారు. నీడ జరిగితే వాళ్ళూ జరుగుతున్నారు. సాయంత్రం అక్కడే పిల్లల క్రికెట్టు. కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకుంటే తెల్లగా మిగిలిన చోటు కనబడలేదు. ఉన్న కొద్దిపాటి తెలుపు మీద కూడా వల సర్దుతున్న తాత వేలు పెట్టాడు.

"ఇది కాళీ అనుకుంతన్నారేటి బాబూ? తుపానొత్తందంటే బోట్లన్నీ ఇక్కడికి లాగీయాల. వేట ఆపీసిన రోజుల్లోనూ ఇక్కడే."

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను బోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలమని ఆ కట్టుబాటు. ఆ రెండు నెలలూ బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. జనవరిలో చూసి ఖాళీ అనుకున్న చోట ఒక పందిరి వేసి ఉంటే, ఏప్రిల్‌లో బోటుకి దారి పోయేది. అక్టోబరులో తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి అయితే బోటే పోయేది. తాత మాట విన్నాక నాకు గట్టిగా అనిపించింది, ఇసుక మీద శాశ్వతంగా ఏదీ కట్టకపోవడమే ఈ పేటకి చేయగలిగిన మొదటి మేలని. తీర నియంత్రణ నిబంధనలు కూడా 2011 నోటిఫికేషన్ నుంచీ మత్స్యకారుల చేపలు ఎండే చోట్లని, వలలు బాగుచేసుకునే చోట్లని వాళ్ళ అవసరాలుగా గుర్తిస్తున్నాయి. కాగితం మీద ఉన్న ఆ గుర్తింపు ఇసుక మీద కూడా నిలబడాలి.

అయితే కట్టడం ఎక్కడ? పేట సంఘం పెద్దలు అరుగు మీద కుర్చీలు వేసి కూచోబెట్టారు, టీలిచ్చారు. మీటింగు హాలుంటే బావుంటుందన్నారు, గుడి ముందు ఆర్చీ అన్నారు. ఆడవాళ్ళు గుమ్మాల దగ్గర నిలబడి విన్నారు, ఒక్కరూ మాట్లాడలేదు. విద్యార్థుల్లో కళ్ళజోడు అమ్మాయి అది గమనించింది. టీ గ్లాసు కింద పెట్టి, బేసిన్లు ఎత్తుకుని వెళ్తున్న ఇద్దరి వెనక నడిచింది. మనమూ వెళ్దాం.

వాళ్ళు వెళ్ళింది సందు మొగలోకి, రోడ్డు తగిలేచోటికి. చేపలమ్మే ఆడవాళ్ళంతా ఆటో కోసం నిలబడేది అక్కడే. బేసిన్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నీసు వాసనని బస్సెక్కనివ్వరు. ఆటో దొరికేదాకా ఐసు కరుగుతుంది, చేప మెత్తబడుతుంది. కొందరు ఎంవీపీ కాలనీ వైపు వెళ్తారు, కొందరు అక్కడే రోడ్డు వారన కత్తిపీట ముందేసుకుని కోసి అమ్ముతారు. నీడ లేదు. కుళాయి సందులో లోపలెక్కడో ఉంది.

"పెద్దమ్మా, ఇక్కడ ఏముంటే బావుంటుంది?" అంది అమ్మాయి.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు, చేప కోస్తూనే ఉంది. వేళ్ళకి బూడిద రాసుకుని జారిపోయే చేపని గట్టిగా పట్టి, పొలుసు తోక నుంచి తలవైపు గీకి, రెక్కలు తీసి, పొట్ట చీరింది. కొన్నావిడ వెళ్ళిపోయాక చెప్పింది. "నీడ. నీల్లు. కూకోడానికి రాయి. ఇంకేటి కావాల?"

విద్యార్థులు నడుం ఎత్తు గట్టు ఊహించారు, మార్కెట్లలో ఉన్నట్టు. పెద్దమ్మ తలూపలేదు. కత్తిపీట మీద మోకాలేసి తొక్కిపట్టి కోసేవాళ్ళకి నడుం ఎత్తు గట్టు దేనికి? జానెడెత్తు చాలని చేత్తోనే చూపించింది. అమ్మాయి టేపు తీసి, కూచున్న మనిషికి ఎంత చోటు పడుతుందో కొలిచింది. కత్తిపీట, ఎడమపక్క తట్ట, కుడిపక్క బేసిను, ఎదురుగా కొనేవాళ్ళు నిలబడే చోటు. పక్కావిడ కూడా వచ్చి తన బేసినుతో కూచుని, "నన్నూ కొలువమ్మా" అంది. అలా ఒకరి పక్కన ఒకరు కూచుంటుంటే ప్లాను దానంతటదే నేల మీద పడింది. టోపీ కుర్రాడు సుద్దతో గీత గీస్తూ పోయాడు.

కప్పు దగ్గర మాట ఆగింది. రేకులంటే ఎవరికీ ఇష్టం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఎగిరిన రేకులు ఇక్కడివాళ్ళ కళ్ళలో ఇంకా ఉన్నాయి. ఒకావిడ మెడ మీద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించింది, అంతకన్నా చెప్పలేదు. పైగా ఉప్పుగాలికి రేకు ఎన్నాళ్ళో నిలవదు. సిమెంటు స్తంభమైనా అంతే. ఉప్పు లోపలికి దిగి ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైపూత పగిలి రాలుతుంది. కొండరాతి స్తంభాలు, సరుగుడు వాసాలు, తాటాకు కప్పు అన్నారు మాస్టారు. తుపానుకి ఆకు పోయినా మనిషిని చంపదు. మళ్ళీ కప్పడానికి పేటలోవాళ్ళే చాలు.

ఎండుచేపల సంగతి వేరుగా తేలింది. ఇసుకలో ఎండిన నెత్తళ్ళకీ, ఎత్తైన బల్లల మీద వల పరచి ఎండబెట్టిన నెత్తళ్ళకీ శుభ్రంలో తేడా ఉంటుంది, ధరలోనూ ఉంటుంది. బల్లలు పాతకూడదు, ఇద్దరు ఎత్తి పక్కన పెట్టగలగాలి. బోటు వచ్చే వేళకి దారి ఇవ్వాలి కదా. మొదటి గంట కాగితం మీద గీసిన ఆ దారిని కుర్రాడు బల్లల బొమ్మ మీద మళ్ళీ గీశాడు.

కడిగిన నీళ్ళు ఎటు పోవాలన్న దగ్గర పెద్ద వాదనే జరిగింది. సందులోకి పోతే ఇళ్ళవాళ్ళు ఊరుకోరు. రోడ్డు మీదకి పోతే జారుడు. చివరికి గట్టు వెనక ఇంకుడుగుంత, దాని మీద జాలీ అనుకున్నారు. జాలీలో పొలుసులు ఆగితే రోజూ తీసేదెవరన్న ప్రశ్నకి ఆడవాళ్ళు అక్కడికక్కడే వంతులేసుకున్నారు. సంఘం పెద్ద ఒకాయన వచ్చి అంతా విని, హాలు సంగతి తర్వాత చూద్దాంలెండి అన్నాడు.

"కట్టేది ఎప్పుడు?" అనడిగాడు.

వేట నిషేధంలో మగవాళ్ళు ఒడ్డునే ఉంటారు కాబట్టి గుంతలు తవ్వడానికీ రాళ్ళెత్తడానికీ సాయముంటుందని మాస్టారి లెక్క. పెద్దమ్మ కత్తిపీట కడుగుతూ ఆ లెక్క సరిచేసింది.

"రాల్లు మట్టుకు ఏప్రిల్ లోగానే దింపీయండి బాబూ. ఆ తరవాత వలలూ ఇంజన్లూ అన్నీ సందులోకే ఒచ్చేత్తాయి. రాయి దింపనానికి అడుగు చోటుండదు."