కట్ట విప్పించే లెక్క

రెండో తరగతి పిల్లల ముందు పుల్లలున్నాయి. పదేసి చొప్పున కట్టిన కట్టలు నాలుగు, విడిగా అయిదు. వాటిలోంచి 12 తీసేయమంటే పిల్లలు ఒక కట్ట, రెండు పుల్లలు పక్కన పెట్టి చేతులు దులుపుకుంటారు. 18 తీసేయమంటే అలా కుదరదు. ఎనిమిది విడి పుల్లలు కావాలి, ఉన్నవి అయిదే. ఏదో ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు తీయక తప్పదు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో పిల్లవాడి చేతికి అప్పుడు తెలుస్తుంది. పాఠం చెప్పబోయే ముందు 12 కాదు, 18 అని ఎంచుకోవడమే గణిత కృత్యం తయారుచేయడంలో అసలు విద్య. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవారికి ఆ విద్య ఎలా నేర్పాలన్నది మన శిక్షణ సంస్థలు తరతరాలుగా తేల్చుకోలేకపోతున్న సంగతి.

మద్రాసులో 1856లో ప్రభుత్వ నార్మల్ స్కూలు మొదలైంది. సైదాపేట టీచర్స్ కాలేజీగా పేరుపడ్డది అదే. రాజమండ్రిలో 1894లో ట్రైనింగ్ కాలేజీ వచ్చింది. ఇలాంటి కాలేజీల్లో పాఠ్యపథకానికి చాలాకాలం అచ్చుగా నిలిచింది జర్మన్ తత్వవేత్త హెర్బార్ట్ శిష్యులు తీర్చిదిద్దిన అయిదు సోపానాల పద్ధతి. సన్నాహం, ప్రదర్శన, పోలిక, సాధారణీకరణ, వినియోగం అనే వరుసలో పాఠం నడవాలి. పాఠానికొక క్రమం ఉండాలని పంతుళ్లకు అలవాటు చేసిన మేలు దానిదే. కానీ ఆ వరుసలో ప్రశ్న పంతులుది, రావలసిన జవాబూ ఆయన ముందే రాసుకున్నది. పిల్లవాడు తన చేతులతో చేసి తేల్చుకోవలసింది అందులో పెద్దగా ఉండేది కాదు.

ఆ లోటును గట్టిగా ఎత్తిచూపింది 1937లో వార్ధా నుంచి వచ్చిన బేసిక్ విద్య. జాకిర్ హుసేన్ కమిటీ రూపొందించిన పాఠ్యప్రణాళికలో లెక్కలు నూలు వడికే తకిలి చుట్టూ తిరిగాయి. నాలుగు అడుగుల నూలు ఒక తారు, 640 తార్లు ఒక చిలప. ఈరోజు వడికిన తార్లెన్ని, చిలప నిండటానికి ఇంకెన్ని కావాలి, తరగతి అంతా కలిసి వారంలో ఎంత నూలు తీస్తుంది? ఈ లెక్కలు పలక మీద కల్పించి రాసినవి కావు, పని నడవడానికి నిజంగా అవసరమైనవి. ఇంత మంచి ఊహను బలహీనపరిచింది ప్రతి పాఠాన్నీ చేతిపనికి ముడిపెట్టి తీరాలన్న పట్టుదల. అంకగణితం తకిలికి ఒదిగినంత సులువుగా కోణాలూ భిన్నాలూ ఒదగవు. అక్కడ శిక్షణ పొందేవారికి బలవంతపు అతుకులే మిగిలాయి.

1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సూక్ష్మ బోధన 1970ల నాటికి మన బీఎడ్ కాలేజీల వైపు నడిచింది. ప్రశ్నించడం, నల్లబల్ల వాడటం వంటి నైపుణ్యాలను విడివిడిగా, కొద్ది నిమిషాల పాఠంతో సాధన చేయిస్తుంది. గొంతుకూ, నిలబడే తీరుకూ అది మంచి సాధన. ఏ సంఖ్య ఇవ్వాలో మాత్రం అది చెప్పదు.

కృత్యం అన్న మాట ప్రాథమిక పాఠశాల టీచర్లందరి నోటా నానడం 1984లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు చలవే. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ముందు సుమారు 330 బడుల్లో ప్రయోగంగా నడిచి, 1989 నుంచి రాష్ట్రమంతటా విస్తరించింది. దానికి ఆరు సూత్రాలు. అభ్యసన కృత్యాలు కల్పించాలి. చేస్తూ, కనుగొంటూ నేర్చుకునేలా చూడాలి. ఒంటరిగా, జట్టుగా, తరగతి మొత్తంగా పనిచేయించాలి. పిల్లల మధ్య తేడాలను లెక్కలోకి తీసుకోవాలి. ఊరి పరిసరాలను వాడుకోవాలి. పిల్లల పనిని ప్రదర్శించి తరగతి గదిని ఆకర్షణీయంగా ఉంచాలి. చింతగింజలూ గవ్వలూ ఈనెపుల్లలూ గౌరవంగా బడిలోకి వచ్చాయి. అంతకన్నా విలువైన ఏర్పాటు టీచర్స్ సెంటర్. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు అక్కడ కలిసి, తాము చేయించిన పనుల గురించి ఒకరికొకరు చెప్పుకునేవారు. జాతీయ విద్యా విధానం 1986 ఫలితంగా జిల్లాకొకటిగా టీచర్ల శిక్షణ సంస్థలైన డైట్‌లు వచ్చింది కూడా ఆ కాలంలోనే.

అయితే ఆరు సూత్రాలూ ఒకే బరువువి కావు. గోడకు బొమ్మలు వేలాడదీయడం ఒక మధ్యాహ్నం పని. చేస్తూ, కనుగొంటూ నేర్చుకునే పాఠం అల్లాలంటే ఆ గణిత భావన లోతు టీచరుకు తెలియాలి, పిల్లలు ఎక్కడ తడబడతారో ఊహించగలగాలి. శిక్షణలో ఎక్కువ కాలం వెచ్చించవలసింది ఇలాంటి పాఠం అల్లడం మీదే.

1996లో అయిదు జిల్లాల్లో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) మొదలైంది. బోధనోపకరణాల కోసం టీచరుకు ఏటా 500 రూపాయలు ఇచ్చారు. ఆ ఉపకరణాలను ప్రదర్శించే టీఎల్ఎం మేళాలు జరిగాయి. అట్టముక్కలతో, థర్మాకోల్‌తో చక్కటి వస్తువులు తయారయ్యాయి, ఆ శ్రమను తక్కువ చేయకూడదు. కానీ మేళాలో బల్ల మీద వస్తువు కనిపిస్తుంది తప్ప దాని ముందు కూర్చున్న పిల్లవాడి ఆలోచన కనిపించదు. వస్తువు చేయడం వేరు, కృత్యం తయారుచేయడం వేరన్న తేడా అక్కడే చెరిగిపోయింది.

ఆ తేడాను పట్టుకున్న చోటు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ ఉండే పల్లె బడుల కోసం అభ్యసన నిచ్చెనను రూపొందించారు. పరిచయం, సాధన, మూల్యాంకనం, వెనకబడినవారికి అదనపు సాయం, ముందున్నవారికి మరికొంత అంటూ ఒక్కో భావనకు కార్డుల వరుస. ఆ బడుల్లో చెప్పేవారు ఎక్కువగా ఆ చుట్టుపక్కల ఊళ్ల యువకులే. చెన్నై నగరపాలక సంస్థ 2003లో తన ఉపాధ్యాయులను అక్కడికి పంపి, 13 బడుల్లో ఈ పద్ధతి మొదలుపెట్టింది. కొన్నేళ్లకే అది తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ పాకింది. తెలుగు పల్లెలో పుట్టిన పద్ధతి పొరుగు రాష్ట్రాన్ని అంతగా మార్చడం మనం గర్వించవలసిన విషయం. దాని నుంచి నేర్చుకోవలసిన జాగ్రత్త కూడా ఒకటుంది. కార్డు తయారుచేసినవారికి ప్రతి మెట్టు వెనకున్న కారణం తెలుసు. అచ్చయిన కార్డు అందుకున్నవారికి ఆ కారణం తనంతట తాను అందదు. 2012 ప్రాంతంలో వచ్చిన మన గణిత పాఠ్యపుస్తకాల్లోని ‘ఇవి చేయండి’, ‘ప్రయత్నించండి’ పెట్టెలదీ ఇదే పరిస్థితి.

జపాన్‌లో కృత్యం వెనకున్న ఇలాంటి కారణాన్ని అందించడానికే ఒక ఆచారం ఉంది. కొందరు టీచర్లు కలిసి ఒకే పాఠాన్ని తయారుచేస్తారు. ఒకరు చెబుతారు, మిగిలినవారు పిల్లలనే గమనిస్తారు. తర్వాత కూర్చుని చర్చించి, పాఠాన్ని దిద్దుకుంటారు. 1999లో స్టిగ్లర్, హీబర్ట్ రాసిన పుస్తకంతో బయటి ప్రపంచం ఈ ‘పాఠ అధ్యయనం’ గురించి విస్తృతంగా విన్నది. త్రిభుజ పాఠానికి 3, 4, 5 అంగుళాల ఈనెలు ఇవ్వాలా, లేక కొసలు కలవని 3, 4, 8 అంగుళాల ఈనెలు కూడా ఇవ్వాలా అని నలుగురు శిక్షణార్థులు అరగంట వాదించుకుంటే, ఏ ఉపన్యాసమూ నేర్పలేనిది వాళ్లకు వస్తుంది.

మన దగ్గర ఇందుకు సమయం లేకపోలేదు. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ నిబంధనలు రెండేళ్ల బీఎడ్‌లో 20 వారాలు బడి అనుభవానికి కేటాయించాయి. పాఠ్యపథకాల రికార్డు నింపి సంతకాలు పెట్టించుకోవడంతో అవి గడిచిపోకూడదు. బీఎడ్ కాలేజీల, డైట్‌ల అధ్యాపకులు ఆ వారాల్లో ప్రతి శిక్షణార్థి చేతా కనీసం ఒక గణిత కృత్యాన్ని తోటివారి ముందు చేయించి, దిద్దించి, మరో సెక్షన్ పిల్లలతో మళ్లీ చేయించాలి. మార్కులు ఆ రెండో పాఠానికి వేయాలి.